నిలబడడానికి నూరు రూపాయలు

సినిమా హాల్లో తెరకి దగ్గరగా పోయేకొద్దీ టిక్కెట్టు చవక. నేల టిక్కెట్టు వాడు మెడ పైకెత్తి చూడాలి, బాల్కనీ వాడు కాలు మీద కాలు వేసుకుని చూస్తాడు. సర్కసు డేరాలోనూ నాటకాల పందిట్లోనూ ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ ముందు వరసే ఖరీదు. కానీ రెండు చోట్లా మారనిది ఒకటుంది. ఎక్కువ ఇచ్చినవాడికి మెత్తటి సీటు, తక్కువ ఇచ్చినవాడికి చెక్క బల్ల, ఇంకా తక్కువైతే నేల. డబ్బు ఎక్కువ పోసి నిలబడడం అనేది, ఎనభైల మొదట్లో బొంబాయి నుంచి ఒక రాక్ బ్యాండు వచ్చేదాకా, విశాఖపట్నంలో ఎవరూ వినలేదు.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నాలుగు దిక్కుల నుంచీ ఇంజనీర్లు దిగారు. నేవీ వాళ్ళ కుటుంబాలు ముందు నుంచీ ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు మెడలు దాటిన జుట్టుతో, చేతిలో క్యాసెట్లతో బీచ్ రోడ్డు మీద తిరిగేవారు. వాళ్ళ కోసమే ఆ బ్యాండు. బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద మైదానం అద్దెకి తీసుకుని, సరుగుడు కర్రలు పాతి, ఆదివారం సాయంత్రం అయిదింటికి అని జీపుకి మైకు కట్టి ఊరంతా చెప్పించారు. జీపు భీమిలి దాకా వెళ్ళింది.

నేను అప్పట్లో ఒక సాయంకాలం పత్రికలో విలేకరిని. నిర్వాహకుడు ఇంగ్లీషులో కొట్టించిన కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. స్టేజి ముందున్న చోటుకి నూరు రూపాయలు, అక్కడ నిలబడే చూడాలి, దాని వెనక కుర్చీలు యాభై, గ్యాలరీ పాతిక, చివర నేల పది. నిలబడడానికి నూరేమిటని అడిగాను. "కుర్చీ వేస్తే ఒక్కడు కూర్చునే చోట ముగ్గురు నిలబడతారు సార్. పైగా డ్యాన్సు చేసుకోవచ్చు కదా," అని నవ్వాడు. నేను రాసిన వార్తలో మాత్రం 'వేదిక ముందు ప్రత్యేక ఆవరణ నూరు రూపాయలు' అని ఊరుకున్నాను. కొనేవాళ్ళకి తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

ఆ వార్తని అచ్చుకి కూర్చినవాడు మా కంపోజిటరు. సీసపు అక్షరాల అరల ముందు ఇరవై ఏళ్ళుగా నిలబడి పని చేస్తున్న మనిషి. సింహాచలం కొండ అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి వాడు, రోజూ సైకిలు మీద వచ్చేవాడు. ఆఫీసులో మగవాళ్ళందర్నీ, ఎడిటరుగార్ని తప్పించి, బావా అనే పిలిచేవాడు. ఇంగ్లీషు రాదు. పనిలో అతనికి ఒక పట్టుదల ఉండేది. ఇచ్చిన కాపీలో ఒక్క అక్షరం తన సొంతంగా మార్చడు. తప్పని తెలిసినా సరే, కాగితం పట్టుకుని వచ్చి రాసినవాణ్ణి అడగాల్సిందే, రాసినవాడు దిద్దాల్సిందే.

వార్త పడ్డ మర్నాడు నా దగ్గరికి వచ్చాడు.

"బావా, ఆ నూరు రూపాయల టిక్కెట్లు మూడు ఇప్పించాల."

డెస్కులో ఉన్న నలుగురం తలలెత్తాం. అతని నెల జీతంలో అది చాలా పెద్ద ముక్క.

"నీకెందుకు బావా ఆ గోల? అర్థమవుతుందా?" అన్నాడు సబ్ ఎడిటరు.

"నాకు కాదు. మా గుంటని సేసుకుంటామన్న వోళ్ళు వత్తన్నారు. పెద్దాయన మైకులో ఇన్నాడట. పట్నంలో ఏటో పెద్ద ఆట వత్తంది, సూపించండి అన్నాడు."

అతని కూతురికి అది మూడో సంబంధం. ముందు రెండూ మాటల దాకా వచ్చి చెడ్డాయి. ఈ కుర్రాడు పోర్టులో పని చేస్తాడు, ఊరు భీమిలి పక్కన. పిల్లని చూశారు, నచ్చింది. పిల్ల కూడా, అడిగితే ముందు రెండుసార్లూ గోడ వైపు తిరిగినది, ఈసారి తల్లితో సరేనంది. తాంబూలాలు వచ్చే గురువారానికి అనుకున్నారు. ఈ లోపల కుర్రాడి తండ్రికి, ఆ పెద్దాయనకి, ఏ చిన్న మర్యాద తగ్గినా పోతుందని కంపోజిటరు భయం. వాళ్ళలో ఇంటికొచ్చిన వియ్యంకుడికి మంచినీళ్ళకంటే ముందు కూర్చునే చోటు చూపించాలి. నిలబెట్టి మాట్లాడితే పొమ్మన్నట్టే.

"యాభైకే కుర్సీ ఇత్తన్నారు కదా. నూరంటే సోఫా ఉండదేటి?" అని అడిగాడు.

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండవచ్చు. నాలుగు మాటల పని. సబ్ ఎడిటరు నా వైపు చూసి కన్ను గీటాడు.

"సోఫా ఏమిటి బావా, అంతకంటే పైమాట. నీ వియ్యంకుడి ముక్కుకి స్టేజి తగులుతుంది," అన్నాను.

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు, గొప్ప సంగతి విన్నట్టు.

ఆదివారం సాయంత్రం ప్రెస్సు వాళ్ళకి స్టేజికి ఎడమ పక్కన, ప్రత్యేక ఆవరణని ఆనుకుని, తాడుకి ఇవతల రెండు వరసల కుర్చీలు వేశారు. మా ఆఫీసు నుంచి ఒక్కడు రావలసిన చోటికి నలుగురం వెళ్ళాం. పాటల కోసం కాదు.

అయిదు కాకముందే వాళ్ళు ముగ్గురూ వచ్చారు. పెద్దాయన ఉతికిన పంచె కట్టి, భుజాన కండువా, చేతిలో గొడుగు పట్టుకుని వచ్చాడు. ఊళ్ళో అందరూ లేచి మంచం చూపించే రకం మనిషని నడకలోనే తెలుస్తోంది. కుర్రాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. వెనకాల మా కంపోజిటరు, పెళ్ళిళ్ళకి కట్టే బట్టల్లో. లోపల అప్పటికే రెండు మూడు వందల మంది కుర్రకారు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు.

పెద్దాయన చుట్టూ చూశాడు. "కుర్సీలేవి?"

కంపోజిటరు గేటు దగ్గరున్నవాణ్ణి అడిగాడు. వాడు టిక్కెట్టు చూసి, "ఇది స్టాండింగు. కూర్చునేవాళ్ళు యాభై టిక్కెట్టు కొనుక్కోవాలి," అన్నాడు.

"నూరిచ్చినోడు నిలబడాల, యాభై ఇచ్చినోడు కూకోవాలా?" అన్నాడు పెద్దాయన. గట్టిగా అనలేదు. అయినా మాకు వినిపించింది. సబ్ ఎడిటరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

కంపోజిటరు తాడు దగ్గరికి వచ్చాడు. మొహమంతా చెమట.

"బావా, నీ కుర్సీ ఒక్కటియ్యి. ఆయన మోకాళ్ళు మంచివి కావు. నీకు పుణ్ణెవుంటాది."

నా పక్కన ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద మా సంచులు పెట్టుకున్నాం.

"ఇవి ప్రెస్సు కుర్చీలు బావా, తాడు దాటకూడదు. మా ఉద్యోగాలు పోతాయి," అన్నాను. నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆ నవ్విన మనిషి వంక చూసి, నా వంక చూసి, అప్పుడు ఖాళీ కుర్చీ వంక చూశాడు. మేం ముందే ఎరుగుదుమని అతనికి అప్పుడు తెలిసింది. బయటికి పోయాడు.

తిరిగి వచ్చేటప్పటికి చేతిలో సోడాల చెక్కపెట్టె ఉంది, బయట బండివాణ్ణి బతిమాలి తెచ్చాడు. దాన్ని బోర్లించి, తన కండువా మడిచి పరిచి, "కూకోండి బావగారూ," అన్నాడు. పెద్దాయన కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. గొడుగు రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఎదురుగా ఉన్న కుర్రవాళ్ళ నడుముల వంక చూస్తూ.

"తాతా, కూకోడానికైతే గేలరీకి పో!" అని వెనక నుంచి ఒకడు.

"ఒగ్గేయరా, నూరిచ్చి పెట్టె కొనుక్కున్నాడు."

బ్యాండు మొదలైంది. డ్రమ్ములు మోగగానే ఆవరణలో ఉన్న గుంపంతా ఒక్కసారి ముందుకి తోసుకుంది. నాలుగడుగుల అవతల కాబోయే పెళ్ళికొడుకు చేతులు పైకెత్తి ఊగుతున్నాడు, వెనక్కి చూడలేదు. పెట్టె ఒరిగింది. పెద్దాయన పక్కకి పడ్డాడు. లేవబోతే పంచె ఎవరి కాలి కిందో ఉండిపోయింది. ఆయన లేచాడు, పంచె లేవలేదు. లైట్లన్నీ అక్కడే. కంపోజిటరు తన ఒళ్ళు అడ్డం పెట్టి, ఆ కాళ్ళ సందుల్లోంచి పంచె లాగుతున్నాడు.

పాటకీ పాటకీ మధ్య తెలుగులో మాట్లాడడానికి ఒక స్థానికుణ్ణి పెట్టారు. వాడు మైకు అందుకుని, "తాతగారు అందరికంటే ముందే మొదలెట్టేశారు!" అన్నాడు.

మైదానం మైదానమంతా నవ్వింది. పది రూపాయల నేల వాళ్ళకి ఏం జరిగిందో కనిపించే దారి లేదు, వాళ్ళూ నవ్వారు. నేను కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళుతూనే ఒక చిన్న బాక్సు ఐటం రాశాను. 'నూరు రూపాయలకి సోడా పెట్టె' అని సబ్ ఎడిటరు శీర్షిక పెట్టాడు. పేర్లు రాయలేదు. అయితే వివరం లేకపోతే వార్త నమ్మించదని మాకు నేర్పారు కదా. భీమిలి పక్క పల్లె నుంచి గొడుగుతో వచ్చిన పెద్దమనిషి అని రాశాను. కాబోయే వియ్యంకుడు మర్యాద చేయబోయి పంచె ఊడదీశాడని రాశాను. ఎడిటరుగారు చదివి పొట్ట పట్టుకున్నారు. మొదటి పేజీలో వేయమన్నారు.

కాపీ కంపోజింగుకి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, రెండు వరసలు కూర్చి ఉన్నాయి. ముందు రోజు కుర్చీ సంగతి ఎత్తలేదు.

"బావా, బస్సెక్కేటప్పుడు ఆయన నాతో ఒక మాటన్నాడు. ఊళ్ళో ఎవులికీ తెలవకపోతే సరే, గురువారం వత్తాం అన్నాడు. గుంటడు కూడా నోరెత్తనన్నాడు. మా గుంటకి ఇంకా నాను సెప్పలేదు, ఆల్లమ్మకీ సెప్పలేదు. ఇది పడితే అయిపోద్ది."

"పేరెక్కడుంది బావా ఇందులో?"

"భీమిలి పక్క అన్న మాట తీసీ. పోనీ, వియ్యంకుడన్న మాట తీసీ. రెండిట్లో ఒకటి తీసీ, సాలు."

కాగితం నా ముందు పెట్టాడు. నా కలం జేబులోనే ఉంది. ఆ రెండు మాటలూ ఆ వాక్యానికి ప్రాణమని నాకు తెలుసు. అవి తీసేస్తే మిగిలేది ఎవడో ముసలాయన కిందపడ్డాడన్న సంగతి, దాన్ని ఎవరూ మొదటి పేజీలో వేయరు. నా పేరు లేకపోయినా నేను రాసిందని ఊళ్ళో పాత్రికేయులందరికీ తెలిసే ముక్క అది.

"ఎడిటరుగారు ఓకే చేసేశారు. ఇప్పుడు మారిస్తే బాగోదు," అన్నాను. ఎడిటరుగారు పక్క గదిలోనే ఉన్నారు. అడిగితే నవ్వి సరే అనేవారు.

అతను కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

కంపోజింగు గదిలో అతను ఒక్కడే. ప్రూఫు దిద్దడం అయ్యాక ఆ రెండు మాటలూ తనే ఎగరగొట్టి ఉంటే అచ్చయ్యేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అచ్చయ్యాక నేను నాలుగు కేకలు వేసేవాణ్ణి, అంతే. ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. తీరిగ్గా చదివాను. భీమిలి పక్క పల్లె అని ఉంది. కాబోయే వియ్యంకుడు అని ఉంది. దిద్దడానికి ఒక్క పొల్లు కూడా దొరకలేదు.

మూడింటికి పత్రిక బయటికి వచ్చింది. నాలుగింటి బస్సు మీద కట్టలు భీమిలి వెళ్ళాయి.

బుధవారం మధ్యాహ్నం ఒకాయన ఆఫీసు కౌంటరు దగ్గరికి వచ్చి సోమవారం పేపరు పది కాపీలు కావాలన్నాడు. కౌంటరు గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. నేను లోపలికి కేకేస్తే కంపోజిటరు వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వచ్చినాయన పెద్దాయనకి బావమరిది. తన కూతుర్ని ఆ కుర్రాడికే ఇవ్వాలని, మేనరికం ఉండగా బయటి పిల్లేమిటని, పెళ్ళిచూపుల నాడు కంపోజిటరు గుమ్మంలోనే గొడవ పెట్టుకున్నవాడట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"ఏటి బావా, బాగున్నావా?" అన్నాడు ఆయన హుషారుగా. "మా ఊరికి రెండు కాపీలే వత్తాయి. టీ కొట్టు కాడ అవి సిరిగిపోయాయి. అందరూ సదూతామంటన్నారు, ఏటి సెయ్యమంటావ్!"

కంపోజిటరు కౌంటరు వెనక అరలోంచి సోమవారం కాపీలు తీస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"రేపు గురువారం..."

"రేపు తాంబూలాలే కదా. మా ఇంట్లో. మా బావ ఒప్పుకున్నాడు. మరేటి సేత్తాడు, ఈదిలోకి వత్తే గుంటలు పంచె పంచె అని యెనకపడతన్నారు. మా పిల్లనిస్తే నోళ్ళు నేను మూయిస్తానన్నాను." కౌంటరు మీద చేతులు ఆనించి ముందుకి వంగాడు. "నువ్వూ రా బావా. నీకు కుర్సీ ఏత్తాం."

ఆయన నా వంక చూసి కన్ను గీటాడు. నేను ఎవరో ఆయనకి తెలియదు. అక్కడ ఉన్నవాళ్ళంతా నవ్వుతారని ఆయన అనుకోవడంలో తప్పేమీ లేదు.

కంపోజిటరు పది కాపీలూ బల్ల మీద పెట్టి, అంచులు సమంగా తట్టాడు. ఒక్కో దాని మొదటి పేజీ విప్పి చూశాడు. ఒక కాపీలో ఆ బాక్సు దగ్గరే సిరా అలుక్కుపోయి ఉంది. అది తీసి పక్కన పెట్టి, అరలోంచి ఇంకొకటి తెచ్చి, దాన్ని కూడా విప్పి చూసుకుని, అప్పుడు పురికొస చుట్టి ముడివేశాడు.