వాసన చూసి కొన్న కంప్యూటర్

గొట్టాల ద్వారా ఇళ్లకు వంటగ్యాస్ ఇచ్చే కంపెనీలో ఆయనది లీకులు పట్టే పని. ఆఫీసులో అందరూ ఆయన్ని ముక్కాయన అనేవారు. గ్యాస్ పట్టే మీటరు ఎప్పుడూ చేతిలోనే ఉండేది. కానీ అది కూతపెట్టకముందే ఆయన గుమ్మంలో నిలబడి, "వంటింట్లో, కిటికీ పక్క గొట్టం బిగింపు దగ్గర" అని చెప్పేసేవాడు. వెళ్లి సబ్బునురగ పూస్తే అక్కడే బుడగలు లేచేవి.

"మా ఇంట్లో అలాంటిదేమీ లేదండీ" అనే మాటను ఆయన ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నమ్మలేదు. నమ్మకపోవడానికే తనకు జీతమిస్తున్నారని ఆయన ఉద్దేశం. ఆ గుణం యూనిఫాంతో పాటు విప్పి వంకెకు తగిలించేది కాదు గనక ఇంట్లోనూ అలాగే ఉండేవాడు. తాళం వేశాక గుంజి చూసేవాడు. గుంజి చూశానా లేదా అని సందు మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాడు. కొత్త చెప్పులు కొంటే కుడిదీ ఎడమదీ ఒకే జతవేనా అని పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు. ఇక బావమరిది నవ్వుతూ ఇంటికొచ్చాడంటే ఏదో అంటగట్టడానికే వచ్చాడని తీర్మానించేవాడు. బావమరిది సభలకు మైకులు, సౌండు బాక్సులు అద్దెకిచ్చే మనిషి. ఒకప్పుడు అతను ఇప్పించిన పాత ఫ్రిజ్ ఇంట్లో మనిషి గురక పెట్టినట్టు మోగేది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ముక్కాయనకు ఒళ్లు మండేది.

ఆ ఏడు వానల్లో ఆయనకు గట్టి జలుబు చేసింది. జలుబు తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. సబ్బు, కాఫీపొడి, వానకు తడిసి ముక్కిన బట్టలు, దేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా ఒకటే శూన్యం. వారంలో వస్తుందిలే అనుకున్నాడు. వారాలు గడిచినా రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కాయనకు ముక్కు పోయిందంటే ఆఫీసులో ఏం మిగులుతుంది?

మీటరు ఉంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కానీ ఇప్పుడు ఆయనకు మీటరు మీదా అనుమానమే. ఒక ఇంట్లో పని ముగించి వీధిలోకి వచ్చి, మళ్లీ తలుపు తట్టి, ఇంకోసారి చూస్తానని లోపలికి వెళ్లేవాడు. ప్రతి బిగింపుకూ నురగ పూసేవాడు. ఇంటివాళ్లు విసుక్కునేవారు. ఇంతకుముందు మనుషులు మాత్రమే అబద్ధమాడేవారు, ఇప్పుడు గాలి కూడా తనతో అబద్ధమాడుతున్నట్టు ఉండేది.

అలాంటి రోజుల్లో కాలేజీలో చదువుతున్న కూతురు కంప్యూటర్ ఆటల జట్టుకు ఎంపికైంది. కాలేజీల మధ్య జరిగే పోటీల్లో ఆడాలంటే ఆమె పాత లాప్‌టాప్ చాలదు. ఆటలో తుపాకీ పేలాల్సిన క్షణంలో బొమ్మ బిగుసుకుపోతోంది. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకుందామంది. సరే, కానీ ప్రతి భాగాన్నీ తానే చూసి కొంటానన్నాడు ముక్కాయన. కూతురికి అప్పుడు పరీక్షలు, అందుకని దేంట్లో ఏం చూడాలో కాగితం మీద రాసిచ్చింది. బావమరిది వెంటనే అందుకున్నాడు.

"నేను తోడొస్తా బావా. ఆ అంగళ్లన్నీ నాకు తెలుసు."

ముక్కాయన అతని వంక చూశాడు. మధ్యాహ్నమైతే గానీ పక్క దిగని మనిషి, పొద్దున్నే వస్తానంటున్నాడు. ఎక్కడో తేడా కొట్టింది.

మొదటి అంగడిలో కొత్త సామాను కొన్నారు. ప్రాసెసర్ డబ్బా సీలును ముక్కాయన వెలుతురుకు ఎత్తి చూశాడు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట సన్నని పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయో లేదో చూడాలని భూతద్దం అడిగాడు. వేగంగా నడిచేదని అంగడివాడు పొగిడిన ర్యామును పక్కన పెట్టించి, ఈ బోర్డు ఆ వేగాన్ని ఒప్పుకుంటుందని ఎక్కడ రాసుందో చూపించమన్నాడు. అంగడివాడు వెతికాడు, అలా ఎక్కడా రాసి లేదు. భాగాలన్నీ బిగించే కేబినెట్ల దగ్గరైతే జేబులోంచి టేపు తీసి లోపలి పొడవు కొలిచాడు. అద్దం తలుపు, రంగురంగుల ఫ్యాన్లు ఉన్నదాన్ని చూపిస్తే, ముందు గాలి లోపలికి వెళ్లే దారేదో చూపించు, రంగుల సంగతి తర్వాత అన్నాడు. అంగడివాడు కూడా తక్కువ తినలేదు. ఈయన ఏ పోటీ దుకాణం పంపిన మనిషోనని, చూపించిన ప్రతి వస్తువునూ వెంటనే అద్దాల అలమరలో పెట్టి తాళం వేశాడు.

పవర్ సప్లై డబ్బా విప్పినప్పుడు బావమరిది దాన్ని ఎత్తి ముక్కాయన ముఖం ముందు పెట్టాడు.

"వాసన చూడు బావా. కొత్తదేనా?"

ముక్కాయన గాలి లోపలికి పీల్చి, తల పంకించి, కొత్తదేనన్నాడు. కొత్తదే. కానీ బస్సులో కూర్చున్నాక బుర్ర తొలిచేయడం మొదలైంది. వీడు రోజంతా కాలిపోయిన యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. మాడిన తీగ వాసన వీడికి తెలియకనా? నన్నెందుకు అడిగాడు?

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని వచ్చేసరికి వంటింట్లో భార్యా, బావమరిదీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఈయన అడుగు వినగానే ఆపేశారు. భార్య టీ ఇస్తూ ఆయన కళ్లలోకి చూడలేదు. ముక్కాయనకు అంతా అర్థమైపోయింది. ఇక మిగిలింది ఆటల బొమ్మలను తెరమీద నడిపించే గ్రాఫిక్స్ కార్డు. అది కొత్తది కొనే తాహతు లేక వాడినది చూద్దామనుకున్నారు. వీళ్లిద్దరూ కలిసి దెబ్బతిన్న కార్డును తనకు అంటగట్టబోతున్నారు. మళ్లీ ఆ ఫ్రిజ్ కథే. ఈసారి కళ్లలో ఒత్తులు వేసుకుని చూడాలనుకున్నాడు.

వాడిన సామాను అమ్మేవాడి గది ఒక మేడ మీద ఉంది, మెట్ల కిందిదాకా పాత కంప్యూటర్ తెరలు పేర్చి ఉన్నాయి. మనిషి సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. మాట తక్కువగా ఉండటం కూడా ముక్కాయనకు నచ్చలేదు. కార్డును చేతిలోకి తీసుకుని మరమేకుల మీది రంగు గీసుకుపోయిందా అని చూశాడు. గీసుకుపోతే ఎవరో విప్పినట్టు లెక్క. గీసుకుపోలేదు. ఫ్యాన్లను వేలితో తిప్పి అడ్డంగా ఊగుతున్నాయేమో చూశాడు. రెక్కల మధ్య దుమ్ము ఉంది. కడగకుండా అమ్ముతున్నాడంటే ఏదీ దాచలేదన్నమాట, లేదా అలా అనుకోవాలనే దుమ్ము ఉంచాడు. అమ్మేవాడు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఒక ఆట నడిపించాడు. బొమ్మ ఎక్కడా చెదరలేదు. వేడి కూడా అదుపులోనే ఉంది.

తర్వాత కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టారు. బావమరిది దానికి తన సంచిలోంచి తీసిన ఒక గుడ్డ చుట్టి అందించాడు.

"చివరిగా ఒకసారి వాసన చూడు బావా. కాలిందేమో."

ముక్కాయన దాన్ని ముక్కుకు ఆనించి నిదానంగా పీల్చాడు. అమ్మేవాడు ఒక అడుగు వెనక్కి వేసి నోటికీ ముక్కుకూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడు, దొరికారు దొంగలు అనుకున్నాడు ముక్కాయన. అయినా బయటపడకూడదు గనక గంభీరంగా చెప్పాడు.

"ఏ వాసనా లేదు. బాగానే ఉంది."

బావమరిది ఆయన చేతిలోంచి ఆ పొట్లం తీసి బల్లమీద పెట్టి, బయటికి రమ్మన్నాడు. మెట్ల మీద నిలబడి, ముఖం వేలాడేసుకుని చెప్పాడు.

"ఆ గుడ్డ నిండా కిరసనాయిలే బావా. తుప్పు తుడిచే గుడ్డ అది. అమ్మేవాడికి ముందే చెప్పి ఉంచా."

ముక్కాయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తర్వాత కోపం వచ్చింది. నన్ను పరీక్షించడానికి నువ్వెవడివని గొంతు పెంచాడు. నిన్ను పట్టుకోవాలని సరదా పడి రాలేదని, అక్క ఏడ్చి పంపిందని అన్నాడు బావమరిది. నువ్వు చూసి వచ్చిన ఇంట్లో ఏదైనా జరిగితే ఆ ఇంటివాళ్లకు ఏం చెబుతావని కూడా అడిగాడు. కొన్నాళ్లుగా ముక్కాయనను నిద్రలో వేధిస్తున్న ప్రశ్నే అది.

కార్డు కొనకుండానే ఇంటికి వచ్చారు. భార్య గుమ్మంలోనే ఉంది. తమ్ముడి ముఖం చూసి ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు ముక్కాయన.

"పాలగిన్నె మాడిన రోజు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నా. కింద పొగ నిండిపోయింది. మీరు పక్కగదిలో వంటింటికి వీపు పెట్టుకుని పేపరు చదువుతున్నారు."

"అడగొచ్చుగా."

"అడిగితే బాగానే ఉందనేవారు. ఎదురు నన్నే అనుమానించేవారు. మీకు రుజువు కావాలి. రుజువు లేకుండా మీరు దేన్ని నమ్మారు గనక?"

ఆయన చెప్పులు విప్పి అక్కడే గడప మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. బావమరిది కాసేపు తచ్చాడి, తానే వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాడు.

మర్నాడు ముక్కాయన సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. సూపర్‌వైజర్ వెంటనే జలుబు నాటినుంచి ముక్కాయన చూసిన ఇళ్లన్నీ మళ్లీ చూసి రమ్మని వేరే మనిషిని పంపాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఒక ముసలామె ఇంట్లో గ్యాస్ వాడకం లెక్కగట్టే మీటరు పక్క బిగింపు కొంచెం వదులైంది. అది ముక్కాయన చూశాక వదులైందా, చూసినప్పుడే అలా ఉందా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. నీ తప్పని ఎవరూ అనలేదు. కాదని కూడా అనలేదు. ఆయన ఆ ఇంటికి వెళ్లి, ముసలామె తనను గుర్తుపట్టకపోయేసరికి తానెవరో చెప్పకుండా, వంటింటి కిటికీ మూయవద్దని చెప్పి వచ్చాడు. ఆమె ఈయనను అనుమానంగా చూసి, గుర్తింపు కార్డు అడిగింది. అడిగినందుకు ఆయనకు ఎంతో సంతోషమేసింది.

కంపెనీ ఆయన్ని లీకులు పట్టే మీటర్లు సరిచూసే గదికి మార్చింది. వాసన ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టర్.

పరీక్షలు అయిపోయాక కూతుర్ని వెంటబెట్టుకుని మళ్లీ ఆ మేడ మీది గదికి వెళ్లాడు. ఈసారి కార్డు కూతురు చేతికిచ్చి, నువ్వు చూడమ్మా అన్నాడు. ఆమె వాసన చూసి, కొంచెం కిరసనాయిలు కొడుతోంది నాన్నా అంది. అమ్మేవాడు మొదటిసారి నవ్వాడు. ఆ కార్డే కొన్నారు.

ఇంట్లో భోజనాల బల్ల ఖాళీ చేసి బిగించడం మొదలుపెట్టారు. కూతురు చదివి చెబుతుంటే బావమరిది మరలు తిప్పాడు. ముక్కాయన టార్చి పట్టుకున్నాడు. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ముక్కాయన మెల్లగా బావమరిది వైపు తిరిగాడు. బావమరిది చేతులు రెండూ పైకెత్తి, నన్ను చూడకు బావా, కార్డు నువ్వే తెచ్చావన్నాడు. తీరా చూస్తే ర్యాము ఒక పక్క సరిగ్గా దిగలేదు. కూతురు బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని కూర్చుంది. తెర వెలిగింది.

ఆ సాయంత్రం ఆమె ఆడుతుంటే ఆయన స్టూలు లాక్కుని వెనక కూర్చున్నాడు. తెరమీద ఆమె జట్టువాళ్లు గోడల చాటున నక్కి నడుస్తున్నారు. కాసేపు చూసి ముందుకు వంగాడు.

"ఆ చివర ఉన్నవాడు ఎవరమ్మా?"

"మా కాలేజీయే నాన్నా. సీనియర్."

"ఇందాకటినుంచీ చూస్తున్నా, ఒక్కసారీ ముందుకు రావట్లేదు. మనవాడేనా?"

"మనవాడే."

ఆయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.