రాతి వెనక రాసిన పేరు

నవంబరు రెండో శనివారం. ఉదయం 9.40. వాషింగ్టన్ దగ్గరి జాతీయ సైనిక శ్మశానం. హాజరు: నేను, మన సైన్యంలో సిగ్నల్స్ విభాగం నుంచి రిటైరైన సుబేదారును, నా కూతురు సుజాత, అల్లుడు రమణ, మనవరాలు నిఖిల, వయసు పదిహేడు. ఎండ ఉంది, వేడి లేదు. గాలి ఎదురుగా కొడుతోంది. సుజాతావాళ్ళు ఉండే ఊరు క్యారీ నుంచి ఐదింటికి బయలుదేరాం. దారిలో ఒక్కసారి, ఇరవై నిమిషాలు ఆగాం.

ఇది సరదాగా చేసిన ప్రయాణం కాదు. నిఖిల అమెరికా సైన్యంలో మెడిక్‌గా చేరతానంటోంది. గాయపడ్డవాళ్ళకు అక్కడికక్కడే చికిత్స చేసే సిపాయి అన్నమాట. పద్దెనిమిది నిండలేదు కనుక తల్లీతండ్రీ సంతకం పెట్టాలి. రమణ పెట్టాడు. సుజాత పెట్టలేదు.

"ఒకసారి ఆ సమాధులన్నీ చూపిద్దాం నాన్నా. చూస్తే దానికే తెలుస్తుంది. అయినా ఇదంతా నువ్వు చెప్పిన కథల వల్లే" అంది నాతో.

నిఖిల విడిగా వచ్చి అడిగింది. "తాతయ్యా, నువ్వు చెప్తే మమ్మీ వింటుంది. ప్లీజ్."

ఇద్దరి మాటలూ డైరీలో రాసుకుని కారెక్కాను.

నేల మెల్లగా ఏటవాలుగా పైకి పోతుంది. తెల్లరాళ్ళు, మోకాలికి కాస్త పైదాకా, అన్నీ ఒకే ఎత్తు. ముందుకు చూసినా, అడ్డంగా చూసినా, ఐమూలగా చూసినా వరస తప్పదు. ఒక కన్ను మూసి, వరస తప్పిన రాయి ఎక్కడైనా ఉందా అని వెతికాను. లేదు.

నిఖిల అడిగే కథ ఒకటే. నా ముప్పై ఒకటో ఏట ఉత్తరాన మంచుకొండ మీద ఒక పోస్టులో నూట పన్నెండు రోజులు ఉన్నాను. తొమ్మిది మందిమి. రోజూ ఉదయం ఆరింటికి కింది క్యాంపుకు మా రేడియో ఆపరేటర్ అంతా క్షేమమని ఒకే మాట చెప్పేవాడు: "సబ్ ఠీక్. ఓవర్." నలభై ఒకటో రోజు హవల్దారు కాలివేళ్ళు నల్లబడ్డాయి. ఆ రోజు కూడా ఆపరేటర్ అదే మాట చెప్పాడు. నర్సింగ్ అసిస్టెంట్, ఇరవై రెండేళ్ళవాడు, గోరువెచ్చని నీళ్ళలో ఆ కాలు పట్టుకుని గంటల తరబడి కూర్చున్నాడు.

"ఉస్తాద్, స్పర్శ తెలుస్తోందా?"

"తెలుస్తోంది. నీ చేతులు నా కాళ్ళకంటే చల్లగా ఉన్నాయిరా."

బంకర్ అంతా నవ్వింది. వేళ్ళు దక్కాయి.

పది దాటాక నిఖిల ఒక వరస వెనక్కి వెళ్ళి పిలిచింది. "తాతయ్యా, బ్యాక్ సైడ్ కూడా నేమ్ ఉంది."

వెళ్ళి చూశాం. రాతి ముందువైపు ఒక సార్జెంటు పేరు. వెనకవైపు ఒక ఆడమనిషి పేరు, కింద ఇంగ్లీషులో 'అతని భార్య' అని. ఆకులు ఊడుస్తున్న తలనెరిసిన మనిషిని రమణ అడిగాడు. భార్యను కూడా అదే గోతిలో పెడతారట. రాయి ఒకటే.

మేం ముగ్గురం ముందుకు నడిచాం. సుజాత ఆ రాతి వెనకే నిలబడిపోయింది. తిరిగి వెళ్ళాను.

"మరి అమ్మ పేరు ఎక్కడ రాశారు నాన్నా?"

నా భార్య పోయి ఆరేళ్ళు. అస్థికలు గోదావరిలో కలిపాం.

1.15కి హోటల్‌కి చేరాం. శ్మశానం నుంచి వచ్చాక తలస్నానం చేస్తేగానీ అన్నం లేదని సుజాత ఆర్డర్. గది ఒకటే, బాత్‌రూమ్ ఒకటే. మొదట నిఖిల వెళ్ళింది. రమణ కారులోంచి పులిహోర డబ్బా తేవడానికి కిందికి దిగాడు. సుజాత నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఆ పోస్టులో ఉన్నప్పుడే కదా నాకు టైఫాయిడ్ వచ్చింది?"

"ఇంటికొచ్చాక తెలిసింది. నీకు జుట్టు లేదు."

"అమ్మ నా మంచం పక్కన కూర్చుని నీకు ఉత్తరం రాసింది. 'ఇక్కడ అందరం క్షేమం.' ఏడేళ్ళదాన్ని, కూడబలుక్కుని చదివాను. అప్పటినుంచి నీ ఉత్తరాల్లో క్షేమం అని ఉంటే నమ్మలేదు. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు వినపడితే గదిలోకెళ్ళి గడియ పెట్టుకునేదాన్ని. ఆ మాట నా కూతురు రాస్తే నేను మళ్ళీ చదవలేను నాన్నా."

ఆ ఉత్తరం అందిన రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: 'ఇంటి నుంచి ఉత్తరం. క్షేమం. మైనస్ ఇరవై ఆరు.' ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆ రోజు హాయిగా నిద్రపోయానని కూడా చెప్పాను. నా ఎడమ చెవి మంచుకు చచ్చుబడిన వారం నేనూ క్షేమమనే రాశానని చెప్పాను.

సుజాత నా చెవి వంక చూసింది. "ఎండకు పేలిందన్నావు కదా!"

"అన్నాను."

"దొంగ నాన్నవి."

నిఖిల తలకు టవల్ చుట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. "నేను అలా రాయను మమ్మీ. బ్యాడ్‌గా ఉంటే బ్యాడ్ అనే చెప్తా."

"ఇప్పుడు అలాగే అంటావే."

అప్పుడు నోరు విప్పాను. "సంతకం పెట్టమని నేననను, వద్దనీ అనను. మా పోస్టుకు ఆ నర్సింగ్ అసిస్టెంట్‌ను కూడా ఎవరో ఒక తల్లి పంపింది. అది ఒక్కటే నాకు తెలిసింది."

సుజాత స్నానానికి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చి, తడిజుట్టుతోనే పెన్ను అడిగింది.

"ఒకటే కండిషన్ నిఖీ. ఒంట్లో బాగాలేనప్పుడు 'ఐ యామ్ ఫైన్' అని మెసేజ్ పెట్టావో, ఏ క్యాంపులో ఉన్నా వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా."

3.05కి సంతకం అయింది. రమణవీ నావీ స్నానాలు అయ్యాక 3.40కి పులిహోర తిన్నాం. సాయంత్రం డైరీలో ఆ రోజు పేజీ తిప్పి, వెనకవైపు నా భార్య పేరు రాశాను: లక్ష్మీకాంతం. కింద: 'ఈమె కూడా పనిచేసింది.'

ఆదివారం ఎనిమిదింటికి బయలుదేరి పన్నెండున్నరకు క్యారీ చేరాం. అవన్నీ డైరీలో ఉన్నాయి. డైరీ తెరవకుండానే కళ్ళముందు నిలిచేది మాత్రం, బయలుదేరేముందు, 6.50కి కిటికీలోంచి చూసింది. కార్ల అద్దాల మీద తెల్లగా మంచు. సైన్యంవాళ్ళ పరుగు పరీక్ష కోసం పార్కింగ్ చుట్టూ నిఖిల పరుగెడుతోంది. మధ్యలో సుజాత, మొగుడి కోటు వేసుకుని, చెప్పులతో, ఫోన్ చేత్తో పట్టుకుని టైము చూస్తోంది. నేను తొందరగా కిందికి దిగేసరికి సుజాత అడుగుతోంది.

"ఎలా ఉందే?"

"టెరిబుల్! కాలు పట్టేసింది. బ్రీత్ రావట్లేదు మమ్మీ."

సుజాత ముఖం విప్పారింది.

"గుడ్. కాసేపు నడువు. తర్వాత ఇంకో రౌండ్."