కాయ తూకం, పప్పు తూకం

నాకు యాభై రెండేళ్లు, ఎనభై ఒక్క కిలోలున్నాను. ఎంతకు దిగాలో చెప్పమని ఈ ఉదయం అనంతపురంలో డాక్టరుగారిని అడిగాను. "అంకె వెంట పడకండి. నడుం కొలత తగ్గించి కాళ్లలో బలం పెంచండి" అన్నారు. నాకు అంకే కావాలి. ఇదేం వైద్యమని విసుక్కుంటూ ఉరవకొండ బస్సెక్కాను.

సాయంత్రం మా వేరుశనక్కాయలతో మిల్లుకు పోయాను. అక్కడ సరుకు చూసేది ఓబులేసు, అరవై దాటిన బక్కపలచని మనిషి. మూటలోంచి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర గలగలలాడించి, "నూటికి అరవై ఎనిమిది పప్పు" అన్నాడు. వంద గ్రాములు ఒలిచి తూచారు. సరిగ్గా అరవై ఎనిమిదే.

అంతటి మనిషి దొరికాక ఊరుకుంటానా? కాటా ఎక్కి నిలబడి, "ఓబులేసన్నా, నేను ఎన్ని కిలోలుంటే బాగుంటాదో చెప్పు" అన్నాను.

ఆయన కాటా వైపు చూడనే లేదు. "ఉత్త కాయ తూకం చూసి ఎవురన్నా రేటు కడతారా సార్? లోపల పప్పెంతుండాదో చూడల్ల. ఏదీ, ఆ మూట ఎత్తు సార్, చూద్దాం."

నలభై కిలోల మూట. జానెడు లేపి దించేశాను. ఓబులేసు దాన్ని భుజానికెత్తుకుని, తడబడకుండా గోదాములోకి నడిచిపోయాడు. ఆయన మొత్తం బరువు యాభై కూడా ఉండదు.

పొద్దున డాక్టరుగారు చెప్పిందీ అదే కదా. ఇంటికొచ్చి గంటయినా ఆ నడకే కళ్లముందుంది. మీ కిలోలు నాకొద్దు గానీ, చెప్పండి, మీలో పప్పెంత?