స్టెఫ్కా పిన్ని కొలిమి

స్టెఫ్కా పిన్నికి దేవుడంటే భయం లేదు, మొగుడంటే అసలే లేదు. ఉన్నదల్లా చలి భయం. కెనడాలో, సస్కాచెవాన్‌లో పుట్టినవాళ్లకి ఆ మాత్రం ఉండాల్సిందే గాని, ఆమెది వేరు. చిన్నప్పుడు పొలం ఇంట్లో పొయ్యి ఆరిపోయిన ఒక రాత్రి, పక్కలో పడుకున్న చెల్లెలు తెల్లారి లేవలేదు. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, పిండి పిసుకుతూ, తలెత్తకుండా.

చర్చి వంటశాలలో ముప్పై ఏళ్లు వండింది. పెళ్లిళ్లకీ చావులకీ ఆమె చేసిన వరేనికీలే, బంగాళాదుంప కూరిన ఆ కుడుములే, తిన్నాం. బంగాళాదుంప తొక్క మందంగా తీస్తే ఎవర్నైనా చెడామడా తిట్టేది. పారేయడమనేది ఆ ఇంట్లో లేదు. నేలమాళిగలో గ్యాస్‌తో మండే పాత కొలిమి గురగురలాడినా, కీచుమన్నా, పక్కన ఒక్క తాపు తన్నేది. అది మళ్లీ ఇంటినిండా వెచ్చటి గాలి ఊదేది.

మొన్న చలికాలం ముందు మెకానిక్ వచ్చి చూశాడు. "లోపల మంట మండే ఇనప పెట్టె పగులుతోందమ్మా. మరమ్మతుతో పోయేది కాదు, కొలిమే మార్చాలి. పొగ ఇంట్లోకి వస్తే ప్రాణాలకే ముప్పు," అన్నాడట.

"నీ మొహం పగిలింది. కొత్తది అంటగట్టడానికి ఎన్ని కబుర్లు చెప్తావురా," అని గుమ్మం దాకా సాగనంపింది.

జనవరిలో ఒక ఆదివారం, మైనస్ ముప్పై ఎనిమిది డిగ్రీల చలి. ప్రార్థన అయ్యాక ఆమెను నా ట్రక్కులో ఇంటికి తీసుకెళ్తున్నాను.

"చర్చిలో కూర్చుంటే తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోతోందిరా," అంది. "ఇంటికెళ్తే మళ్లీ మొదలు. బాబాయ్‌కీ అంతే. పాపం, పక్షవాతమొచ్చి మంచం దిగలేడు, లేకపోతే ఆయన్నీ తీసుకొద్దును. ఈ వారమంతా మత్తుగా నిద్దరే."

ఇంట్లో వచ్చి బయట పోయే తలనొప్పి ఒంట్లోది కాదు, ఇంటిది.

"పిన్నీ, కొలిమి మంట ఏ రంగులో ఉంది?"

"పసుపుపచ్చగా, చర్చిలో కొవ్వొత్తిలా కళకళలాడుతోంది. ఇదివరకు నీలంగా నీరసంగా ఉండేది."

"గోడ మీద విషవాయువు అలారం ఉండాలిగా. మోగలేదా?"

"అదా. నవంబర్లో ఒకటే కూత. బ్యాటరీలు పీకి బాబాయ్ రేడియోలో వేశా."

రోడ్డంతా అద్దంలా మంచు. అయినా వేగం పెంచాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. బయటి నుంచి కొలిమి దగ్గరికి ఒక గాలిగొట్టం దిగుతుంది. దాంట్లోంచి చలి కొట్టి బాబాయ్ గది నేల చల్లబడుతోందని, ఆయన పాత స్వెటర్ అందులో కుక్కేసిందట.

"పిన్నీ, కొలిమి ఊపిరి తీసుకునేది ఆ గొట్టంతోనే. గాలి అందకపోతే మంట పసుపుపచ్చగా మారుతుంది, విషం కక్కుతుంది. దానికి వాసన ఉండదు."

ఆమె ట్రక్కు తలుపు పిడి గట్టిగా పట్టుకుంది. "వాడు చెప్పాడు," అంది. "ఆ మెకానిక్ కుర్రాడు చెప్పాడు." ఇల్లు వచ్చేదాకా ఆ పిడి వదల్లేదు.

బయటికి పోని పొగలోని ఆవిరికి కిటికీ అద్దాలకు లోపలివైపు నీళ్లు ధారకట్టి ఉన్నాయి. తలుపు తీయగానే పిల్లి మా కాళ్ల మధ్యనుంచి మంచులోకి పరుగెత్తింది. లోపల రేడియో హాయిగా పాడుతోంది. ఓరెస్ట్ బాబాయ్ వెచ్చటి దుప్పట్లో నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. గిచ్చినా కదల్లేదు.

ఊపిరి బిగబట్టి, దుప్పటితో సహా ఇద్దరం ఆయన్ని బయటి అరుగు మీదికి ఈడ్చాం. అరుగు చుట్టూ అద్దాలు, ఒక్క తలుపు. ఆ తలుపు బార్లా తెరిచి నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆమె ఆయన తల ఒళ్లో పెట్టుకుని చెంపలు కొడుతోంది. "ఓరెస్ట్, ఇలా చూడు. నేనే. నేనే చేశాను, చూడు."

చలిగాలి కత్తిలా దూసుకొచ్చింది. బాబాయ్ ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య, ఇక రాదేమో అనిపించేంత ఎడం. తర్వాత ఆయన దవడ కదిలింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"తలుపు ముయ్యవే," అన్నాడు ముద్దగా. "చలి."

స్టెఫ్కా పిన్ని కాలు చాపి తలుపుకి అడ్డం పెట్టింది.

"ముయ్యను," అంది ఏడుస్తూ. "వణుకు. వణుకుతూనే ఉండు."