నా తల మీద ఒట్టు

మా బావ ఎమ్మెల్యేగా ఉన్న కాలంలో నేను కుదురుగా కూర్చుని అన్నం తిన్న పూట ఒక్కటి గుర్తు చేసుకుందామంటే దొరకడం లేదు. అక్క మొగుడు కదా అని, వాళ్లింట్లోనే ఉంటూ జీపు నడపడానికి ఒప్పుకున్నాను. ఎన్నికలయ్యే దాకా నాలుగు రోజులన్నాడు. దిగడానికి అయిదేళ్ల పైనే పట్టింది.

డెబ్బైల చివర ఆయన మొదటిసారి నిలబడ్డప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. ఏ అరుగు మీద చూసినా అదే గోల. బావ ఇల్లిల్లూ తిరిగి జనానికి నచ్చజెప్పాడు. "ఇంటికొక ఉజ్జోగం నాను అడిగి తెస్తాను. మీ అందరికీ వొచ్చినాకే మా ఇంట్లో ఎవులైనా ఆ గేటు దాటేది" అన్నాడు. అప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. పక్కనే ఉన్నాను, ఆయన గొంతు నాకు తెలుసు. జనం నమ్మి గెలిపించారు.

గెలిచాక మనిషికి కాలు నిలవలేదు. పొద్దున్న పెళ్లి, మధ్యాహ్నం పరామర్శ, సాయంత్రం కలెక్టరాఫీసు. విశాఖ స్టేషన్లో అర్జీలు పట్టుకుని జనం కాపు కాస్తారని, అసెంబ్లీకి వెళ్లేటప్పుడు దువ్వాడలో రైలెక్కేవాడు. నెల తిరక్కుండా అర్జీలూ దువ్వాడకే వచ్చేశాయి. అక్క క్యారేజీ సర్ది ఇస్తే ఆయన ఫైలు చూస్తూ తినేవాడు, నేను గేరు మారుస్తూ ఇంత మింగేవాణ్ణి.

"ఏటి బావా, ఎన్నాళ్లు ఈ పరుగు?" అంటే, "పనయ్యీ వరకూ" అనేవాడు.

ఆ పని మాత్రం అవలేదు. ఉద్యోగాలు కొందరికి వచ్చాయి, చాలామందికి రాలేదు. కూర్మన్నపాలెం దగ్గర ఊళ్లు పోయినవాళ్లకిచ్చిన కాలనీకి మొదట్లో వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లం. రానురానూ ఆ మలుపు వస్తుందనగానే బావ ఏదో కాయితం తీసి చదువుకునేవాడు. నేనూ అడక్కుండా తిన్నగా పోనిచ్చేవాణ్ణి. ఇందులో నా పాపం లేదని చెప్పను.

ఇక నా సంగతి. ఐటీఐలో ఫిట్టరు చదివి స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. ముప్పై దగ్గర పడుతోంది. తగరపువలసలో అమ్మ నాకు సంబంధాలు చూస్తోంది. కుర్రాడేం చేస్తాడని అడిగితే, ఎమ్మెల్యేగారి జీపు నడుపుతాడని చెప్పడానికి ఆవిడకే మొహం చెల్లడం లేదు. అందుకే బావకు చెప్పకుండా ఫ్యాక్టరీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. జీపు టైరు పంక్చరయిందని అబద్ధమాడి పరీక్షకు వెళ్లాను. ఎవరి సిఫార్సూ లేదు. సరిగ్గా రెండోసారి ఎన్నికలు వచ్చిపడ్డ వారంలోనే ఆర్డరొచ్చింది, నెలాఖరుకి చేరమని.

సంతోషించాల్సింది పోయి ఆ కాయితాన్ని పదిసార్లు విప్పి మడిచాను. చేరితే ఆయన మాట పోతుంది. మానుకుంటే నా బతుకు పోతుంది. పోలింగయ్యాక చెప్పి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఇంట్లో పెడితే అక్క కంట పడుతుందని ఆ కాయితం చొక్కా జేబులో పెట్టుకునే తిరిగాను. ఎవరు నాతో మాట్లాడినా చెయ్యి జేబు మీదకే పోయేది.

పోలింగుకి రెండు రోజుల ముందు కాలనీకి వెళ్లక తప్పలేదు. అక్కడి ఓట్లు పడకపోతే బావ గెలవడని అందరికీ తెలుసు. కుళాయి దగ్గర జనం చుట్టూ మూగారు. ఎవరూ తిట్టలేదు, నాకు అందుకే భయమేసింది. ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. బావ ఆ మాటిచ్చింది ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చునే. ఇప్పుడు ఆ అరుగూ లేదు, ఆ ఊరూ లేదు.

"బాబూ, మీరు సెప్పినారనే ఊరు ఒగ్గీసినాం. నా కొడుక్కి ఉజ్జోగం రానేదు. పోనీ. ఒక్క ముక్క అడుగుతన్నాను. మీ ఇంట్లో ఎవులికైనా వొచ్చినాదా?"

"లేదమ్మా. ఎవులికీ లేదు."

"ఒట్టే?"

మా వైపు ఒట్టంటే ఆషామాషీ కాదు. కావలసిన మనిషి తల మీద చెయ్యి పెట్టి చెప్పాలి. అబద్ధమైతే కీడు జరిగేది చెప్పినవాడికి కాదు, ఆ తలకి. బావ వెనక్కి తిరిగి చూశాడు. నేను జనానికి అవతల నిలబడి ఉన్నాను. "ఒరే, ఇలా రా" అన్నాడు. వెళ్లాను. ఆయన అరచెయ్యి నా నెత్తిన పడింది.

"ఈడు నాకు పిల్లల్తో సమానం. ఈడి మీద ఒట్టు. నా ఇంట్లో ఎవులికీ ఉజ్జోగం రాలేదు."

ఒట్లూ గిట్లూ నమ్మనని అందరి దగ్గరా గొప్పలు పోయినవాణ్ణి, అప్పుడూ చెయ్యి జేబు మీదకే పోయింది. నోరు విప్పితే బావ మునుగుతాడు. ముసలమ్మ నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. అది ఆవిడకు ఔనన్నట్టు కనిపించి ఉంటుంది. "సాల్లే బాబూ, ఎల్లండి" అంది.

బావ గెలిచాడు. ఆ కాలనీ ఓట్లే గట్టెక్కించాయి. మర్నాడు పొద్దున్న ఇంటి నిండా దండలు, షామియానా కింద కాఫీలు. నేను ఒక చోట నిలవలేక, కడిగిన జీపునే మళ్లీ కడిగాను. ఆఖరికి ఆయన పెరట్లో గెడ్డం గీసుకుంటుంటే వెళ్లి ఆర్డరు కాయితం చేతిలో పెట్టాను.

"బావా, తప్పు సేసినాను. నీకు సెప్పకండా ఎల్లినాను. నీ సేత అబద్ధపు ఒట్టు ఏయించీసినాను. నన్ను కొట్టు, తిట్టు."

ఆయన మడత విప్పనైనా లేదు. అద్దంలోంచే నన్ను చూశాడు.

"తెలుసులేరా. పోస్టుమేన్ ఆ రోజే నాకు సెప్పీసినాడు. ఎల్లి సేరిపో. నాలుగు నెల్లు ఆ కాలనీ వైపు మాత్రం కనబడకు."

మళ్లీ గెడ్డం గీసుకోసాగాడు. నన్ను క్షమించాడు కాబోలనుకుని రెండడుగులు వేశాను. అప్పుడు తట్టింది. ఆ రోజు ప్రచారానికి ఆయన కొడుకులిద్దరూ వచ్చారు. ఒట్టే అని ముసలమ్మ అడిగినప్పుడు ఆయన పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో నిలబడి ఉన్నారు. వాళ్లని దాటి, జనం అవతలున్న నన్ను పిలిచాడు.