బాపమ్మ ఇంట్లో లేనని చెప్పించిన రోజు

మా చిన్నప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో చైత్రం ఎండంటే... పొద్దున పదింటికే తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. సరిగ్గా ఆ ఎండల్లోనే మహాకాళి జాతర.

మా ఇంటి ఎదురుగా మాదే పెద్ద ఖాళీ జాగ ఉండేది. జాతరకు వచ్చేవాళ్లు అందులోనే దిగేవారు. మూడు రాళ్ల పొయ్యిలు, డప్పుల మోత, వేపమండలు, పసిపిల్లల ఏడుపులు... ఆ నాలుగు రోజులూ మాకు వేరే లోకం అక్కర్లేదు.

ఆ జాగ మా బాపమ్మది. అంటే నాన్న వాళ్ల అమ్మ. తాత పోయేనాటికి ఆమె చేతికి మిగిలింది ఒక పాత గోదాము మాత్రమే. దాని మీద వచ్చిన డబ్బుతోనే ప్లాట్లు కొని, దుకాణాల వరుసలు కట్టించి, గడ్‌చాందూర్ దాకా లేఅవుట్లు వేసింది. నాన్న, ఇద్దరు బాబాయిలు పొద్దున్నే ఆమె మంచం దగ్గర నిలబడేవారు. ఆమె ఊ అంటేనే ఏ బేరమైనా... ఊరంతా ఆమెను షావుకారు అన్నట్టు సేఠానమ్మ అనేది.

ఒక్క గంగవ్వ మాత్రం "అక్కా" అని పిలిచేది.

గంగవ్వది జివతి గుట్టల మీద చిన్న పల్లె. ఏటా కొడుకులు, కోడళ్లతో వచ్చి మా జాగలో దిగేది. బాపమ్మ కోసం సంచిలో కందులు తెచ్చేది. ఇద్దరూ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. బాపమ్మ పడీపడీ నవ్వడం నేను చూసింది గంగవ్వ దగ్గరే.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, ఆ జాగలో కాంప్లెక్స్ కట్టాలని నిర్ణయమైంది. జాతరకు ముందు చిన్నబాబాయి వచ్చి చెప్పాడు.

"అమ్మా, దుకాణాలు కిరాయికి తీసుకునేటోళ్లు గీ వారమే చూడనీకి వస్తుండ్రు. జాగ నిండ పొయ్యిలు, పొగ ఉంటే ఏం బాగుంటది?"

బాపమ్మ కిటికీలోంచి జాగ వైపు చూసి, "గేటు పెట్టి తాళమెయ్యుండ్రి. ఈ ఏడు ఎవ్వళ్లను రానియ్యకుండ్రి" అంది.

రెండు రోజులకే గంగవ్వ వాళ్ల టెంపో వచ్చి ఆగింది. నేను మేడ మీద బాపమ్మ పక్కనే ఉన్నాను. వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు.

"సేఠానమ్మా, గంగవ్వ వచ్చింది. అక్కను పిలువు అంటుంది."

బాపమ్మ లేచి కిటికీ పరదా లాగింది. "నేను ఇంట్ల లేనని చెప్పు."

పరదా సందులోంచి నేను చూశాను. గంగవ్వ కందుల సంచి వాచ్‌మన్ చేతికిచ్చి, "అక్క వచ్చినంక ఇయ్యి బిడ్డా" అని చెప్పి వెళ్లింది. కాస్త దూరంలో మురిక్కాలువ పక్కన రోడ్డు మీదే వాళ్లు చెద్దర్లు కట్టుకున్నారు.

మధ్యాహ్నం వాచ్‌మన్ ఉరుక్కుంటూ వచ్చాడు. గంగవ్వ చిన్నకోడలు ఎండకు పడిపోయిందట. ఆమెకు ఏడో నెల.

బాపమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆ రోడ్డు మీద పరుగెత్తింది. ఆ పిల్లను తనే పట్టుకుని మా కారెక్కించి దవాఖానాకు తీసుకుపోయింది. సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి ఆ పిల్ల కళ్లు తెరిచింది. కడుపులో బిడ్డకు ఏం కాలేదన్నారు.

ఆ సాయంత్రం బాపమ్మ అందరినీ మా ఇంటికే తీసుకొచ్చింది. గంగవ్వ గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది, "ఊరికెల్లి ఎప్పుడొచ్చినవక్కా?"

అబద్ధం చెప్పినా సరిపోయేది. కానీ బాపమ్మ తలొంచుకుని, "యాడికీ పోలేదు గంగవ్వా. ఇంట్లనే ఉన్న" అంది.

గంగవ్వ చాలాసేపు ఆమెనే చూసింది. "జాగ నీది అక్కా. వద్దంటే వేరే తావు సూసుకుందుం గద... లేనని ఎందుకు చెప్పించినవ్?"

బాపమ్మ లేచి, ఆ కోడలికి నీళ్లు తేవడానికి లోపలికి పోయింది.

మరుసటి ఏడు గంగవ్వ మా ఇంటికి రాలేదు. జాతర అయిపోగానే బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని జీపులో జివతి వెళ్లింది. గంగవ్వ ఏ లోటూ చేయలేదు. చాప వేసింది, చాయ పెట్టింది, ఆ కోడలికి పుట్టిన బాబును తెచ్చి బాపమ్మ ఒళ్లో పెట్టింది.

"చాయ తాగుండ్రి సేఠానమ్మా" అంది.

బాపమ్మ కప్పు కింద పెట్టింది. "నన్ను అక్క అను గంగవ్వా" అంది మెల్లగా.

గంగవ్వ నవ్వింది. "గట్లెట్ల అంటం... మీరు పెద్దోళ్లు."

తిరుగు దారిలో గుట్ట దిగాక సిమెంటు లారీల వెనక మా జీపు ఆగినప్పుడు, బాపమ్మ నాతోనో తనతోనో తెలియదు... "రెండు తిట్లు తిట్టినా బాగుండు" అంది.

ఆ తర్వాత ప్రతి చైత్రం ఏటి ఒడ్డున మాకున్న ఇంకో ప్లాట్‌లో పందిరి వేయించి, నీళ్ల కుండలు పెట్టించేది. ఎవరు చెప్పినా వినకుండా ఎండలో తనే కూర్చునేది. జివతి వైపు నుంచి టెంపో వస్తే లేచి నిలబడేది. గంగవ్వ వాళ్లు ఏటా జాతరకు వస్తూనే ఉన్నారని, వేరే దారిన వస్తున్నారని మాకు తర్వాత తెలిసింది. ఆ మాట బాపమ్మకు చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు...

బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది. పందిరి వేసిన ప్లాట్‌లో కూడా ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి. మా ఇంటి ఎదుటి జాగలో లేచిన కాంప్లెక్స్ మొదటి అంతస్తులో నా ఆఫీసు. మా అందరి చదువులూ పెళ్లిళ్లూ ఆ అద్దెల మీదే జరిగాయి. చైత్రంలో డప్పులు వినిపిస్తే నేను కిటికీ అద్దంలోంచి కిందికి చూస్తాను. నెత్తిన మూటలతో ఎవరైనా మా మెట్ల నీడలో నిలబడితే, సెక్యూరిటీ అతను మరాఠీలో "పుఢే చలా, పుఢే చలా" అంటూ ముందుకు పంపేస్తుంటాడు. నీళ్లిచ్చి కూర్చోబెట్టమని ఫోన్ చేస్తాను... అతను ఫోన్ ఎత్తేసరికే వాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

ఏటేటా మీ ఇంటికి వచ్చి, ఒక ఏడు నుంచి రావడం మానేసినవాళ్లు మీకూ ఎవరైనా ఉన్నారా... ఎందుకు మానేశారో మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా?