ఎడమవైపు ముక్కలు

ఎదురు ఫ్లాట్‌లోకి ఎవరో కొత్తగా దిగుతున్నట్టున్నారు. పొద్దుటినుంచి రంపం మిషను గోల, తలుపు సందులోంచి అప్పుడే కోసిన ప్లైవుడ్ వాసన. మా పేట బుకిట్ బటోక్‌లో ఇది మామూలే. "సో నాయిసీ లా, అమ్మా" అని మా అమ్మాయి చెవులు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, సుల్తానా ఆపా గుర్తొస్తారు. ఆవిడ నా మొదటి బాసు. రంపం పట్టే బాసు అంటే ఎవరూ నమ్మరు గానీ, నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను.

కంప్యూటర్ల వై టూ కే హడావుడిలో కాకినాడ నుంచి ఈ చిన్న ద్వీపదేశానికి వచ్చిపడ్డవాళ్లలో నేనొకదాన్ని. హైదరాబాదు నుంచి వచ్చి అప్పటికే ఇక్కడ స్థిరపడిన ఆపా మా టీముకు లీడు. మొదటిరోజు మేడమ్ అని పిలిస్తే, ఆ పిలుపు గుమ్మం బయటే వదిలేసి రమ్మన్నారు, ఆపా అంటే అక్క, అలా పిలవమన్నారు. ఏ పనైనా ఇద్దరికి కలిపి ఇచ్చేవారు. ఒకరు ప్రోగ్రాము రాయాలి, ఒకరు పక్కన కూచుని చదవాలి. నాకది ఒళ్లుమంట. నాకు పని రాదనుకుంటున్నారేమోనని ఉక్రోషం పట్టలేక ఒకరోజు అడిగేశాను కూడా. ఆవిడ కోప్పడలేదు. పని వచ్చినవాళ్లకే పక్కన మనిషి ఉండాలన్న సంగతి తెలియదు, అందుకే పెట్టాను అన్నారు. ఆ మాట అప్పట్లో నా బుర్రకెక్కలేదు.

ఆపాకూ, ఆవిడ భర్త రషీద్ గారికీ నక్షత్రాల పిచ్చి. ఏటా చలికాలంలో రాజస్థాన్ ఎడారికి వెళ్లి వారంపాటు ఆకాశం చూసి వచ్చేవారు. ఆ గాలికి డేరా నిలవదని, ఉండటానికి చిన్న ప్లైవుడ్ గుడిసె కట్టుకునేవారు. దాని ముక్కలు ఇక్కడే, క్రాంజీలో తెలిసినవాళ్ల కలప షెడ్డులో శనివారాలు కూచుని కోసి, కట్టలుకట్టి ఓడలో పంపేవారు. తిరిగొచ్చేటప్పుడు ఆ గుడిసె అక్కడి గొర్రెల కాపరులకు ఇచ్చేయడం, మరుసటి ఏడు మళ్లీ కొత్తది కోయడం. అక్కడే ఎవరిచేతైనా కోయించుకోవచ్చు కదా అని ఆఫీసంతా నవ్వేవాళ్లం. మా ప్రయాణం కోతతోనే మొదలవుతుంది అనేవారు ఆపా.

రషీద్ గారు చనిపోయిన ఏడు ఇక ఆవిడ వెళ్లరనే అనుకున్నాం. ఆఫీసులో ఆవిడ మాట తగ్గింది, నవ్వు పూర్తిగా పోయింది. అలాంటిది ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, ముక్కలన్నీ కోసేశాననీ, నిలబెట్టి చూడటానికి ఇంకో మనిషి కావాలనీ అన్నారు. ఒక్కరే వెళతారా అంటే, ముందు గుడిసె నిలబడనీ, తరవాత చూద్దాం అన్నారు. నిలబడకపోతే ప్రయాణం మానేస్తారని నాకర్థమైంది. ఈవిడ ఇప్పుడు ఇంట్లో కూచుంటే ఇక ఎప్పటికీ లేవరేమోనని భయం పట్టుకుంది.

ఆదివారం బుకిట్ పంజాంగ్‌లో ఆపా వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కింద, పెళ్లిళ్లకూ చావులకూ కూడా వాడే ఖాళీ జాగాలో ముక్కలు పరిచాం. గోడలు ఇట్టే నిలిచాయి. తంటా అంతా కప్పు దగ్గరే వచ్చింది. కప్పుకు ఏటవాలుగా కోసిన త్రికోణాలుంటాయి. చెప్పుల్లాగే వాటిలోనూ కుడివీ ఎడమవీ వేరు, జతపడితేనే కప్పు మూసుకుంటుంది. అంచులు కూడా వాలుగా కోస్తారు కాబట్టి తిరగేసి పెట్టినా అతకవు. మేము ఎన్ని రకాలుగా పెట్టినా మధ్యలో చెయ్యి దూరేంత సందు. మార్కెట్ నుంచి వస్తున్న చైనీస్ అంకుల్ ఒకాయన సంచీ కింద పెట్టి, రెండు ముక్కలు పక్కపక్కన పట్టుకుని చూసి, "ఆల్ సేమ్ సైడ్ లా" అన్నాడు. నిజమే, అన్నీ కుడివైపువే.

ఆపా నేలమీద కూలబడ్డారు. ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూచున్నారు.

"ఎడమవి ఆయన కోసేటోడు, వనజా" అన్నారు చివరికి. "ఇన్నేండ్లు నేను కుడివే కోసిన. నా చేతికి అవే తెలుసు."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, కోణం అటు తిప్పి కోస్తే సరిపోతుంది, మీకిదో లెక్కా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"రాక కాదు. అది నేను నేర్చుకోను. నేర్చుకుంటే ఆయన పని అయిపోయినట్టే కదా." నా వైపు తిరిగారు. "నువ్వు కొయ్యి."

అప్పటిదాకా నేను కూరగాయల కత్తి తప్ప మరొకటి పట్టి ఎరగను. మరుసటి శనివారం క్రాంజీలో మిషను గుర్రుమంటుంటే మొదటి ముక్క బల్లమీద పెట్టాను. ఆపా పక్కనే నిలబడ్డారు గానీ చెయ్యి వేయలేదు, గీత మీదే చూపు పెట్టమన్నారంతే. రెండు ముక్కలు పాడుచేశాక మూడోది కుదిరింది. సాయంత్రానికి, షెడ్డులోనే మళ్లీ నిలబెట్టిన గోడల మీద కప్పు మూసుకుంది. ఆ చీకటి గుడిసెలో ఇద్దరం మోకాళ్లు ముడుచుకుని కూచుని ఫ్లాస్కులో చాయ్ తాగాం. ఎడారిలో దీన్ని నిలబెట్టడానికి కూడా ఇద్దరు కావాలి మరి, అన్నారు ఆపా. నా సెలవు చీటీ ఆవిడే రాసి ఆవిడే సంతకం పెట్టారు.

ఆపా ఉన్నన్నాళ్లూ ఏటా కోశాం, ఆవిడ కుడివి, నేను ఎడమవి. ఆవిడ పోయాక నేను మళ్లీ ఎడారికి వెళ్లలేదు. ఎప్పుడైనా వెళదామని మా ఆయన అంటే, ఆ గుడిసె నాకు సగమే వచ్చంటాను. కోణం తిప్పుకుంటే రెండోదీ వచ్చేస్తుంది, ఒక్క పూట పని అంటారాయన. నిజమే, ఒక్క పూట పనే. అయినా నేర్చుకోను. కుడివైపువి ఆపావి.